రంగు నాయిస్ అనుకున్నట్టు రావడం లేదా?

ఫొటో మీద సన్నటి చుక్కలు చల్లే నాయిస్ ఫిల్టర్ చేసే పని చిన్నదే. ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్‌జీబీ) విలువలను ఇష్టమొచ్చినట్టు కాస్త పెంచడమో తగ్గించడమో చేస్తుంది. కాబట్టి తేడా వస్తే ముందుగా ఫొటో మోడ్‌నీ, సేవ్ చేసిన తీరునీ అనుమానించండి.

చుక్కలు వచ్చాయి గానీ రంగు లేదు
మూడు రంగుల ఛానెళ్లూ ఒకేలా మారుతున్నాయన్నమాట. ఫొటోషాప్ యాడ్ నాయిస్‌లో ‘మోనోక్రొమాటిక్’ టిక్ తీసేయండి. గింప్ (ఇదీ ఫొటో ఎడిటరే) ఆర్‌జీబీ నాయిస్‌లో ‘ఇండిపెండెంట్ ఆర్‌జీబీ’కి టిక్ పెట్టండి. అయినా రాకపోతే ఫొటో గ్రేస్కేల్‌లో (నలుపు తెలుపు మోడ్‌లో) ఉండి ఉంటుంది, మోడ్‌ను ఆర్‌జీబీకి మార్చండి.

మెనూలో ఫిల్టర్ మసకబారి ఉంది
గిఫ్ ఫైల్ తెరిచారేమో చూడండి. గిఫ్ తెరుచుకునే ఇండెక్స్‌డ్ మోడ్‌లో 256 రంగులకు మించి చోటుండదు. దీనికీ మందు ఆర్‌జీబీ మోడే.

ఎడిటర్‌లో బాగుంది, సేవ్ చేశాక పాడైంది
ఎక్కువ మందిని విసిగించేది ఇదే. కారణాలు రెండు.

మొదటిది సైజు. ఫొటోను సగానికి తగ్గిస్తే నాలుగు పిక్సెళ్లు సగటున ఒకటవుతాయి, నాయిస్ బలం దాదాపు సగానికి పడిపోతుంది. ముందు సైజు తగ్గించండి, నాయిస్ ఆఖర్న కలపండి. మోతాదును 100% జూమ్‌లోనే నిర్ణయించండి. స్క్రీన్‌కు సరిపడేలా కుదించిన వ్యూను నమ్మొద్దు.

రెండోది జేపెగ్. రంగు వివరాలను తగ్గించి దాచే (సబ్‌శాంప్లింగ్) 4:2:0 పద్ధతిలో వెలుగు వివరాలు అన్ని పిక్సెళ్లకూ ఉంటాయి, రంగు మాత్రం నాలుగింటికి ఒకటే. దాంతో సన్నటి రంగు చుక్కలు కలిసిపోయి మరకల్లా కనిపిస్తాయి. గింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సబ్‌శాంప్లింగ్‌ను 4:4:4కి (ప్రతి పిక్సెల్‌కూ రంగు ఉండేలా) మార్చి, క్వాలిటీ పెంచండి. లేదా పీఎన్‌జీగా సేవ్ చేయండి. ఎలా చేసినా ఫైల్ సైజు బాగా పెరుగుతుంది, ఎందుకంటే క్రమం లేని చుక్కలను కుదించడం కష్టం. సైజు ముఖ్యమైతే రంగు నాయిస్ తగ్గించుకోవడమే నయం.

తెల్లటి చోట్ల నాయిస్ తేలిపోయింది
రంగు విలువ 0 నుంచి 255 దాకానే ఉంటుంది కాబట్టి, 255 దగ్గర ఉన్నది ఇంకా పెరగడానికి వీల్లేదు. పెరగాల్సిన సగం అక్కడే ఆగిపోతుంది. నల్లటి చోట 0 దగ్గరా ఇంతే. నాయిస్‌ను వేరే పొరగా పెట్టి ఓవర్‌లే మోడ్‌లో కలిపే ఓవర్‌లే లేయర్ వాడమని సలహా ఇస్తుంటారు గానీ, అచ్చ తెలుపు మీదా నలుపు మీదా అది అసలు కనపడదు. వెలుగు హద్దులు సరిచేసే లెవెల్స్‌లో అవుట్‌పుట్‌ను 10 నుంచి 245 మధ్యకు తెచ్చి, ఆ తర్వాత ఫిల్టర్ వేయండి.

వరుస ఫ్రేములన్నిటిలో ఒకే చుక్కలు
చుక్కల అమరికను నిర్ణయించే సంఖ్య, అంటే రాండమ్ సీడ్, ఒకటే ఉంది. ఒక్కో ఫ్రేముకు ఒక్కో సీడ్ ఇవ్వండి.