పిల్లల కబడ్డీ జట్టును మ్యాచ్‌కు తీసుకెళ్లే ముందు జాగ్రత్తలు

ముందురోజు సాయంత్రమే గోళ్లు చూడండి. పట్టు పట్టేటప్పుడు చర్మం చీరుకుపోయేది, అక్కడి నుంచి కొట్లాట మొదలయ్యేది వీటివల్లే. ఉంగరాలు, కడియాలు, మెడలో గొలుసులు ఇంట్లోనే ఉంచి రమ్మనాలి. ఒంటికి నూనె రాసుకుని కోర్టులోకి దిగడం నిబంధనలకు విరుద్ధం; పట్టు జారాలని కొందరు కావాలనే రాసుకొస్తారు.

సబ్‌జూనియర్లకు, అంటే చిన్న వయసు విభాగంలో ఆడే పిల్లలకు, బరువు పరిమితి ఉంటుంది. అర కిలో ఎక్కువుందని నీళ్లు మాన్పించే కోచ్‌ను క్లబ్ ఉపేక్షించకూడదు. ఎండలో ఆడే పిల్లవాడు కళ్లు తిరిగి పడిపోతాడు. బరువు వారం ముందే చూసుకోవాలి, లేదంటే వేరే కుర్రాణ్ణి దింపాలి.

కార్డుల సంగతి బస్సులోనే చెప్పండి: ఆకుపచ్చ హెచ్చరిక, పసుపు పడితే రెండు నిమిషాలు బయట, ఎరుపు పడితే ఆ మ్యాచ్ అయిపోయినట్టే. ఏడుగురిలో ఒకడు బయటికెళ్తే మిగతా ఆరుగురి మీద భారం పడుతుందని అంటే పిల్లలకు చప్పున అర్థమవుతుంది.

అంపైర్‌తో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. తొడ కొట్టడం ఆటలో భాగమే, ఎదుటివాడి ముఖం మీదికి వెళ్లి కొడితే మాత్రం కాదు. కులం, ఊరు, ఒంటి రంగు ఎత్తి తిడితే మనవాడైనా సరే, వెంటనే బెంచీ మీద కూర్చోబెట్టండి.

గీత అవతలి నుంచి అరిచే తండ్రులకు కూడా ముందే చెప్పుకోవాలి. నిజానికి ఇదే అన్నిటికన్నా కష్టం.

అమ్మాయిల జట్టుతో ఒక మహిళ తప్పనిసరిగా వెళ్లాలి. బట్టలు మార్చుకునే గదిలోకి ఫోన్లు వద్దు.