కొరాపుట్ వాలు మీద ఇల్లు తీసుకునే ముందు

సునాబెడ విమాన ఇంజిన్ల కర్మాగారానికో, దమన్‌జోడి నాల్కో అల్యూమినా కర్మాగారానికో, ఇక్కడి మెడికల్ కాలేజీకో ఉద్యోగం మీద వచ్చే మనవాళ్లు ఒడిశా కొండల్లోని కొరాపుట్‌లో బస్సు దిగగానే "అబ్బ, ఎంత చల్లగా ఉందో!" అంటారు. సాలూరు ఎండలోంచి ఘాట్ ఎక్కి, సుమారు 870 మీటర్ల ఎత్తుకు వచ్చాక ఆ మాత్రం మురిపెం సహజమే. ఆ మురిపెంలోనే శబర శ్రీక్షేత్రం జగన్నాథుడి గుడి చుట్టుపక్కల వాలు వీధుల్లో, కిటికీలోంచి కొండలు కనిపించే ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. నేనూ ఇచ్చాను.

కిటికీ కన్నా ముందు వెనక గోడ చూడండి. వాలును తవ్వి కట్టిన ఇళ్లలో ఆ గోడ చాలాసార్లు కొండ మట్టికే ఆనుకొని ఉంటుంది. జూన్‌లో మొదలైన వాన అక్టోబరు దాకా ఆ మట్టిని తడుపుతూనే ఉంటుంది. తడి ఇంట్లోకి దిగుతుంది. మేం బీరువాను సరిగ్గా ఆ గోడకే ఆనించాం. శ్రావణ శుక్రవారం పేరంటానికి పట్టుచీర తీయబోతే మడత మడతకూ బూజు. కింది అరలో సర్టిఫికెట్ల కవరు చెమ్మగిల్లి, నా డిగ్రీ పట్టా మీద సంతకం నీలిమరకై పారింది. ఇంటి యజమానిని అడిగితే "ఇక్కడ అందరి ఇళ్లూ ఇంతే" అన్నాడు. ఆ మాట అడ్వాన్సు తీసుకునే రోజున చెప్పి ఉంటే బాగుండేది.

కాబట్టి గోడకూ కొండకూ మధ్య మనిషి నడిచేంత సందు, అందులో నీరు పోయే కాలువ ఉన్న ఇల్లే వెతకండి. మట్టిని ఆపే రాతిగోడ పొట్ట ఉబ్బినట్లు కనిపిస్తే, అందులో నీరు కారే తూములు లేకపోతే, అద్దె ఎంత తక్కువైనా వద్దు. బీరువాను ఇటుకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. ఉప్పు, అప్పడాలు, అగ్గిపెట్టెలు బిగుతు మూత డబ్బాల్లోకి. కుళాయి ఎప్పుడు వస్తుందో యజమానిని కాదు, పైవాటాలో అద్దెకున్నవాళ్లను అడగండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీటి ధార సన్నబడుతుంది.

చలిప్రాంతంలో దోమలుండవనుకోకండి. ఇది మలేరియా జిల్లా. దోమతెర కట్టుకోండి, వణుకుతో జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి.

వానాకాలంలో ఊరికి ప్రయాణం పెట్టుకుంటే ఒక రోజు చేతిలో ఉంచుకోండి. కొరాపుట్ మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో బండరాళ్లు పడి రైళ్లు ఆగడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

ఇక భాష. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాయే. ఇప్పటికీ బజారులో చాలామందికి తెలుగు అర్థమవుతుంది. అదే చిక్కు. పదేళ్లుగా ఇక్కడే ఉంటూ ఒడియాలో "కేతే?" అని ధర కూడా అడగలేని మనవాళ్లున్నారు, నాకు అది సోమరితనంగానే కనిపిస్తుంది. సంతలో కూరలమ్మే ఆవిడను "మౌసీ" (పిన్నీ) అని పిలిస్తే మొహం విప్పారుతుంది. దుంపలూ అల్లమూ కుప్పలుగా పోసి అమ్ముతారు. ఆ కుప్పను నెత్తిన పెట్టుకొని ఆవిడ ఎన్ని కొండలు దిగి వచ్చిందో తలచుకుంటే బేరం నోటికి రాదు.

రాత్రి తొమ్మిదికే వీధి సద్దుమణుగుతుంది. టీవీ గొంతు తగ్గించండి. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలో లక్ష్మీపూజ. ఆ రోజు చేపల పులుసు వాసన పక్కింటికి పోనివ్వకండి. మనకూ అవి లక్ష్మివారాలే కదా. బియ్యప్పిండి నీళ్లలో వేలు ముంచి, గడప నుంచి పూజగది దాకా చిన్న చిన్న లక్ష్మీపాదాలు వేస్తారు. దాన్ని ఝోటి అంటారు. మా పక్కింటి మౌసీకి మొదటి గురువారం పులిహోర పంపాం. రెండో గురువారం తెల్లవారుజామున తలుపు తీసేసరికి మా మెట్ల మీద కూడా పాదాలున్నాయి, ఇంకా తడి ఆరలేదు.