కేసు పోయినా కాగితం పోనివ్వకండి

పర్లాకిమిడి కోర్టు పక్క వీధిలో నాది చిన్న జిరాక్స్ దుకాణం. పాస్‌పోర్టు, వీసా ఫారాలు కూడా నింపుతాను. ఇక్కడి నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఎప్పటి నుంచో గల్ఫ్ వెళ్తున్నారు. ఈ మధ్య అమెరికా చదువుల పిల్లలూ వస్తున్నారు. నేను లాయర్ని కాను. కానీ విదేశంలో ఒకసారి కేసు పడ్డవాళ్లు, అది అయిపోయింది కదా అని కాగితాలు చూసుకోకుండా మళ్లీ ప్రయాణం కట్టే తప్పు ఎంతమంది చేస్తారో ఈ కుర్చీలో కూర్చుని చూశాను.

"కేసు అయిపోనాది కదా బావా, మళ్లీ ఏటి రాయడం?"

ఇది మా మేనత్త కొడుకు మాట. దుబాయిలో ఉన్నప్పుడు బ్యాంకులో లోన్ తీసుకున్నాడు. ఉద్యోగం పోయింది, గ్యారంటీగా ఇచ్చిన చెక్కు బౌన్సయింది, వాడు ఇంటికొచ్చేశాడు. తర్వాత ఆస్తి అమ్మి డబ్బు కట్టాడు. నాలుగేళ్లకు కొత్త వీసా వచ్చింది. ఏజెంటు "ఏమీ కాదు, వెళ్లు" అన్నాడు. దుబాయి ఎయిర్‌పోర్టులో కళ్లు స్కాన్ చేయగానే పక్కకు తీసుకెళ్లారు. బ్యాంకుకు డబ్బు ముట్టింది గానీ, ఆ సంగతి పోలీసు రికార్డుకు ఎవరూ చేర్చలేదు. అక్కడ కేసు ఇంకా బతికే ఉంది. మూడు రోజులు పట్టింది బయటపడడానికి. ఇక్కడ మా అత్త మూడు రోజులూ అన్నం ముట్టలేదు.

అందుకని గల్ఫ్‌కి రెండోసారి వెళ్లేవాళ్లు టికెట్ కొనకముందే చూసుకోవాలి. పాత ఎమిరేట్స్ ఐడీ, అంటే మనవాళ్లు బతాకా అనేది, పారేయకండి. డబ్బు కేసులున్నాయో లేదో దుబాయి పోలీసుల యాప్‌లో ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. అబుదాబి కోర్టులకు ఎస్తఫ్సర్ అనే సర్వీసు ఉంది. కానీ దుబాయి యాప్ దుబాయి సంగతే చెబుతుంది. షార్జాలో పనిచేసినవాడు అందులో ఏమీ కనిపించలేదని సంబరపడితే లాభం లేదు. అక్కడి లాయర్‌తోనో, పవరాఫ్ అటార్నీ ఇచ్చిన మనిషితోనో అడిగించాలి.

దుబాయి ఉన్న యూఏఈ దేశంలో చెక్కుల చట్టం 2022 జనవరి 2 నుంచి మారిన మాట నిజమే. ఖాతాలో డబ్బు లేక బౌన్సయితే ఇప్పుడు ఎక్కువగా సివిల్ వసూలు కిందికే వస్తుంది. ఖాతా ముందే మూసేయడం, కావాలని పేమెంట్ ఆపించడం మాత్రం నేరమే. సివిల్ అంటే తేలిగ్గా తీసుకోకండి. ట్రావెల్ బ్యాన్ పడిందంటే లోపలికి రానిచ్చినా బయటికి పోనివ్వరు. చెల్లెలి పెళ్లికని లీవు పెట్టుకున్నవాడికి ఆ సంగతి ఎయిర్‌పోర్టులోనే తెలుస్తుంది.

సౌదీలో కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పెట్టే హురూబ్ (పని వదిలి పారిపోయాడన్న ఫిర్యాదు) నేరం కేసు కాకపోయినా దెబ్బ దాదాపు అదే. ఇకామా (అక్కడి నివాస కార్డు) నంబరుతో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. వేలిముద్రలు ఇచ్చి డిపోర్ట్ అయినవాళ్లు కొందరు "కొత్త పాస్‌పోర్టు తీస్తే పోతుందా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. పోదు. పుస్తకం మారుతుంది గానీ వేళ్లు మారవు కదా. పైగా మన పాస్‌పోర్టు ఫారంలో నిజం దాస్తే పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు.

ఇంకో అపోహ. ఇక్కడి పీసీసీ, అంటే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్, ఉంటే చాలనుకుంటారు. అది ఇక్కడి పోలీసు రికార్డు మాత్రమే. పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలో అద్దెగది ఉన్నవాళ్లకు రెండు రాష్ట్రాల పోలీసుల దగ్గర వాకబు జరగొచ్చు, అంతే. దుబాయి కేసు గురించి అది ఏమీ చెప్పదు.

అమెరికా లెక్క వేరు, మరీ చిక్కు. పోయిన ఏడాది ఒక తల్లి కొడుకు కాగితం వాట్సాప్‌లో తెచ్చింది. స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా తెచ్చాడట. "జడ్జి కొట్టేశాడంట నాయనా" అంది. చదివితే తెలిసింది, తప్పు ఒప్పుకున్నాడు, కొన్నాళ్లు ప్రొబేషన్‌లో, అంటే జైలు లేకుండా కోర్టు కనిపెట్టి ఉండే షరతు మీద, ఉన్నాడు, ఆ తర్వాత కేసు డిస్మిస్ అయింది. ఆ రాష్ట్రం దృష్టిలో శిక్ష పడనట్టే. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో పెడితే అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే. దొంగతనం అక్కడ నైతిక పతనం కిందికొచ్చే నేరం, అది వీసాకు అడ్డం పడుతుంది. ఒకే ఒక నేరమై, దానికి పడగల గరిష్ఠ శిక్ష ఏడాది దాటక, వేసిన శిక్ష ఆరు నెలల లోపైతే మినహాయింపు ఉంది. అందుకే ఒప్పుకోకముందే అడగాలి. 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, డిపోర్టేషన్ ముప్పు ఉంటే ఆ మాట క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అంది. క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌కీ ఒకసారి ఫీజు కట్టండి. అక్కడ కక్కుర్తి పడొద్దు.

తాగి బండి నడిపి పట్టుబడితే, కోర్టు ఏమీ తేల్చకముందే వీసా రద్దు చేసే వీలు కాన్సులేట్‌కు ఉంది. వీసా రద్దయినంత మాత్రాన లోపల ఉన్నవాడి స్టేటస్ దానంతటది పోదు. కానీ ఇంటికొస్తే మళ్లీ వీసాకు నిలబడాలి. సంక్రాంతికి వద్దామనుకునే పిల్లలకు నేను చెప్పేది, లాయర్‌ని అడగకుండా విమానం ఎక్కొద్దని. కెనడా 2018 డిసెంబరు 18 నుంచి ఇదే నేరాన్ని తీవ్ర నేరాల్లో కలిపింది.

ఇక ఫారం. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో అడిగేది "జైలుకెళ్లావా" అని కాదు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, శిక్ష పడిందా, క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పు అని. కొట్టేసిన కేసైనా "అవును" అనే పెట్టి, కింద గడిలో నాలుగు ముక్కలు రాయాలి. నేరం కన్నా అబద్ధమే ఎక్కువ కాలం వెంటాడుతుంది. నా దుకాణంలో ఆ గడి దగ్గర చేయి ఆగినవాళ్లను చాలామందిని చూశాను. ఆగినవాళ్ల కళ్లు ఎప్పుడూ ఫ్యాన్ వైపే చూస్తాయి.

కాగితాలేమిటంటే: అరెస్టు రిపోర్టు, ఛార్జి, తీర్పు, జరిమానా రసీదు. కోర్టు ముద్ర ఉన్న నకళ్లు కావాలి, ఫోన్లో ఫోటో చాలదు. గల్ఫ్ కేసైతే బ్యాంకు క్లియరెన్స్ లెటర్, దాంతో పాటు పోలీసు దగ్గర కేసు మూసినట్టు కాగితం, రెండూ కావాలి. వాటి మీద పాత పాస్‌పోర్టు నంబరుంటే పాత పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. ఒకే పేరున్న అప్పారావులు మన దగ్గర ఎంతమందో మీకు తెలుసు.

ఇవన్నీ చేతిసంచిలో పెట్టుకోండి. మావాడి బ్యాంకు లెటర్ చక్కగా లామినేషన్ చేసి మరీ ఇచ్చాను. వాణ్ని పక్కకు తీసుకెళ్లినప్పుడు అది సూట్‌కేసులో, బెల్టు మీద తిరుగుతోంది.