బడిలో పిల్లవాడిని గమనించే ముందు: ప్రవర్తన విశ్లేషకులకు జాగ్రత్తలు

ప్రవర్తన విశ్లేషకులంటే పిల్లలు అలా ఎందుకు ప్రవర్తిస్తున్నారో గమనించి, సాయపడే దారి సూచించేవారు. వరంగల్, హనుమకొండ, ములుగు ప్రాంతాల బడుల్లో అడుగుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి.

• తల్లిదండ్రుల అనుమతి ఉందా? సంతకమో వేలిముద్రో తీసుకుని వచ్చేస్తే చాలదు. ఏం గమనిస్తారో, ఎందుకో, మీరు రాసినది ఎవరెవరు చూస్తారో కూర్చుని చెప్పాలి.

• చూపు, వినికిడి పరీక్షలు అయ్యాయా? బోర్డు కనిపించని పిల్లకు "మాట వినదు" అని పేరు పెట్టడం ఎంత అన్యాయం!

• ఇంటి భాష ఏది? లంబాడీ, కోయ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు పాఠం అర్థంకాకే లేచి తిరుగుతుండవచ్చు.

• నోటుపుస్తకంలో మూడు గడులు గీసుకోండి: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. "మొండికేశాడు" అని రాయకండి. "లెక్కల పుస్తకం తీయమనగానే పెన్సిల్ విసిరాడు, టీచర్ బయట నిలబెట్టారు" అని రాయండి. ఇదే పదేపదే కనిపిస్తే, బయటికి పంపడం వల్ల అతనికి లెక్కల బాధ తప్పుతోందేమో ఆలోచించాలి. అప్పుడు కావలసింది శిక్ష కాదు. మొదట ఒక సులువైన లెక్క ఇవ్వాలి, "సార్, అర్థం కాలేదు" అని అడగడం నేర్పాలి.

• మధ్యాహ్న భోజనానికి ముందూ తర్వాతా చూడండి. ఆకలి కూడా కారణమే.

• పిల్లవాడి కోసం మీరు రాసే ఏ ప్రణాళికలోనూ దెబ్బలు, అవమానం వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ వాటిని నిషేధించింది.

• తరగతి నిండా పిల్లలున్న టీచర్ చేయగలిగిన పనే సూచించండి.

• పిల్లల పేర్లు, ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.