స్ట్రాట్ పికప్ ఎత్తు సరిచేస్తున్నారా? ఆ పోల్స్‌ను మాత్రం నొక్కకండి

ఎలక్ట్రిక్ గిటార్‌లో మూడో స్ట్రింగ్ మిగతావాటికన్నా గట్టిగా మోగుతోందని, పికప్‌లో (స్ట్రింగ్ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) దాని కింద ఉండే పోల్‌ను, అంటే గుండ్రటి మొనను, బొటనవేలితో లోపలికి నొక్కారు. అంతే, పికప్ మూగబోయింది. ఈ మధ్య రిపేరుకు వచ్చిన ఒక స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) పరిస్థితి ఇది. పికప్ రెండు వైర్లకు మీటర్ పెడితే 6 కిలో ఓమ్‌లు చూపాల్సిన చోట ఓపెన్ చూపించింది. అంటే లోపల కాయిల్ (తీగ చుట్ట) తెగింది. మళ్లీ చుట్టించాలి, లేదా కొత్తది కొనాలి.

హంబకర్ అనే రెండు కాయిళ్ల పికప్‌లో ఒక వరుస పోల్స్ స్క్రూలే. తిప్పితే పైకీ కిందికీ కదులుతాయి. స్ట్రాట్‌లో కనిపించే ఆరు గుండ్రటి మొనలు అలాంటివి కావు, అవి అయస్కాంతపు కడ్డీలు. పాత పద్ధతి పికప్‌లో ప్లాస్టిక్ బాబిన్ (తీగ చుట్టే రీలు) ఉండదు. పైనా కిందా రెండు ఫైబర్ పలకలు, వాటిని కలుపుతూ ఆరు కడ్డీలు, ఆ కడ్డీల మీదే నేరుగా రాగి తీగ. తీగ మందం దాదాపు 0.063 మిల్లీమీటర్లు, వెంట్రుకంత. చుట్లు సుమారు 8 వేలు. కడ్డీ కాస్త జరిగితే చాలు, దాన్ని ఆనుకున్న తీగ తెగుతుంది. అదంతా ఒకటే తీగ కాబట్టి ఒక్క చోట తెగినా కాయిల్ మొత్తం పోయినట్టే.

అసలు మూడో పోల్ అంత ఎత్తు ఎందుకుంది? 1950లలో మూడో స్ట్రింగ్ కూడా వూండ్‌దే (పైన సన్నటి తీగ చుట్టినది) వాడేవారు. దాని మోత తక్కువ కాబట్టి ఆ పోల్‌ను పైకి పెట్టారు. ఇప్పటి 9, 10 సెట్లలో (ఒకటో స్ట్రింగ్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) మూడోది సాదా స్టీలు. పాత లెక్కన చేసిన పికప్ మీద అది ఎక్కువ మోగడం సహజం. పికప్ మొత్తాన్ని అర మిల్లీమీటరు దించి చూడండి. అదీ చాలకపోతే పోల్స్ అన్నీ ఒకే ఎత్తులో ఉన్న పికప్ వేయించుకోండి. కింద అడ్డంగా అయస్కాంతపు పట్టీ అంటించిన చవక రకాల్లో పోల్స్ ఉక్కువి, కాయిల్ బాబిన్ మీద ఉంటుంది. కానీ పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఏ రకమైనా సరే, నొక్కకండి.

ఎత్తు కొలవడం

ముందు నెక్ వంపు, స్ట్రింగ్స్ ఎత్తు సరిచేసుకుని, ట్యూన్ చేసి, ఆ తర్వాతే పికప్ జోలికి వెళ్లండి. వానాకాలంలో చెక్క తేమ పీల్చి నెక్ కదులుతుంది కాబట్టి పోయిన ఎండాకాలపు కొలతను నమ్మొద్దు. ఆరో స్ట్రింగ్‌ను చివరి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీ) దగ్గర నొక్కి పట్టుకుని, స్ట్రింగ్ అడుగుకూ పోల్ పైభాగానికీ మధ్య సందు కొలవండి. ఒకటో స్ట్రింగ్‌కూ అంతే. పాత తరహా సింగిల్ కాయిల్‌కు ఆరో దగ్గర 2.4 మిల్లీమీటర్లు, ఒకటో దగ్గర 2. లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ గిటార్) తరహా హంబకర్లకు నెక్ వైపు 2.4, బ్రిడ్జి వైపు 1.6. ఇవి మొదలుపెట్టడానికే, ఆపైన చెవి చెప్పినట్టు. ఫెండర్ (స్ట్రాట్ తయారీ కంపెనీ) స్క్రూ ఒక పూర్తి చుట్టుకు దాదాపు 0.8 మిల్లీమీటర్లు కదులుతుంది, కాబట్టి పావు చుట్టు చొప్పున తిప్పి వినండి.

దగ్గరైతే మోత పెరుగుతుందని మరీ పైకి లేపితే అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగుతుంది. పన్నెండో ఫ్రెట్ దాటాక ఆరో స్ట్రింగ్ రెండు స్వరాలు కలిసినట్టు వణుకుతుంది, శ్రుతి నిలవదు. దాంతో చాలామంది సాడిల్స్ (బ్రిడ్జి మీద స్ట్రింగ్ ఆనే ముక్కలు) జరుపుతారు, ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) తిప్పుతారు, బాగున్న నెక్‌ను పాడుచేస్తారు. ముందు మూడు పికప్‌లనూ బాగా దించి విని చూడండి. వణుకు పోతే తప్పు నెక్‌ది కాదు.

అమరిక

కవర్లు 48, 50, 52 మిల్లీమీటర్ల పోల్ దూరాలతో దొరుకుతాయి. ఒకటో పోల్ నడిమి నుంచి ఆరో పోల్ నడిమికి కొలిచి కొనండి. బిగుతు కవర్‌ను బలవంతంగా దిగ్గొట్టినా పోల్స్ మీదే ఒత్తిడి. అదీ నొక్కడమే. కవర్ రంధ్రాలను సన్నటి గుండ్రటి ఆకురాయితో పెంచండి, కవర్‌ను పికప్ నుంచి వేరుగా పట్టుకుని.

ఇంకా:

- కవర్ తీసిన పికప్ దగ్గర స్క్రూడ్రైవర్‌ను రెండు చేతులతో పట్టుకోండి. అయస్కాంతం లాగితే మొన నేరుగా కాయిల్‌లోకి దిగుతుంది.
- స్ట్రాట్‌లో స్క్రూ కుడివైపు తిప్పితే పికప్ పైకి వస్తుంది. చెక్కలోకే బిగించిన పాత టెలీ (ఫెండర్ టెలికాస్టర్) నెక్ పికప్‌లో కిందికి దిగుతుంది. చూసి తిప్పండి.
- స్క్రూ బిగుసుకుంటే ఆపండి. అంగుళం మర స్క్రూను మిల్లీమీటర్ మర రంధ్రంలోకి తోయకండి, మర అరిగిపోతుంది.
- హంబకర్ కాళ్లు (రెండు పక్కలా కిందికి దిగే లోహపు రేకులు) గుంత అడుగుకు తగిలితే స్క్రూతో లాగకండి. కాళ్లు వంగుతాయి, రింగు పగులుతుంది. పొట్టి కాళ్ల పికప్ తెచ్చుకోండి.
- స్ప్రింగో రబ్బరు గొట్టమో లేకుండా బిగించొద్దు.
- దగ్గర్లో స్టీల్ ఊల్ (ఉక్కు పీచు) వాడొద్దు.
- పోల్ వంకరగా కనిపించినా సరిచేయొద్దు.
- సుత్తి వద్దు. వైస్ వద్దు. బొటనవేలు కూడా వద్దు. పోల్‌ను నొక్కకండి.
- పికప్ పలకకపోతే వెంటనే విప్పకండి. వాల్యూమ్ పూర్తిగా పెంచి, స్విచ్ ఆ ఒక్క పికప్ మీద పెట్టి, కేబుల్ చివర మీటర్‌తో చూడండి. 5 నుంచి 7 కిలో ఓమ్‌ల మధ్య ఉంటే కాయిల్ బాగానే ఉంది. 250 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తే మీటర్‌కు కనబడుతున్నది వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింది రెసిస్టర్) మాత్రమే. తెగింది వైరో, స్విచ్చో, కాయిలో తేలాలంటే పికప్ వైరు ఒకటి విడదీసి మళ్లీ కొలవాలి. అప్పుడూ ఓపెన్ అంటే కాయిల్ చుట్టేవాళ్లకు ఇవ్వండి.