పాయింట్ రేటు చెప్పేముందు గోడ తట్టండి

ఇంటి కరెంటు వైరింగ్ పనికి ఫోన్లోనే "పాయింట్‌కి (ఒక్కో లైటు, ఫ్యాను, ప్లగ్గుకి) ఇంత" అని చెప్పేయకండి. గుంటూరు బ్రాడీపేటలో ఓ పాత ఇంటికి అలాగే చెప్పి రెండు రోజుల కూలీ పోగొట్టుకున్నాను. పాయింట్లు 22 మాత్రమే, కానీ వైరు పైపు కోసం గోడలో గాడి కొడుతుంటే సున్నం రాలి, ఒక్కో బాక్సు చుట్టూ అరచేయంత గుంట. పూడ్చింది మేమే!

ఇప్పుడు ముందే వెళ్లి స్క్రూడ్రైవర్ పిడితో గోడ తట్టి చూస్తాను. డొల్లగా మోగితే గాడికి మీటరు లెక్కన విడిగా రాస్తాను. ఏసీ, గీజర్ పాయింట్లకు వేరే రేటు. మెయిన్ బోర్డు నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు నేరుగా లాగాలి కదా. మెట్ల దగ్గర టూ వే (ఒకే లైటుకి కింద ఒకటి, పైన ఒకటి స్విచ్) అంటే రెండు పాయింట్లే. పూడ్చే పని ఎవరిదో కూడా కాగితం మీద ఉండాలి.

వైరు ఓనరే కొంటానంటే, కాయిల్ సాధారణంగా 90 మీటర్లేనని ముందే చెప్పండి. వంద అనుకుని, తగ్గినప్పుడు మనల్నే అనుమానిస్తారు.