మెమరీ కార్డును చదవని కెమెరాను విప్పే ముందు

కార్డు చదవడం లేదన్న సందేశం తెర మీద కనిపించగానే స్క్రూడ్రైవర్ అందుకోకుండా, లోపం కెమెరాదా, కార్డుదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఆ కార్డును కార్డ్ రీడర్‌లోనూ, బాగా పనిచేసే మరో కార్డును ఈ కెమెరాలోనూ పెట్టి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ రకం కార్డుల వరకే గుర్తించే పాత కెమెరాలో 32 జీబీ దాటిన ఎస్‌డీఎక్స్‌సీ రకం కార్డు పెట్టి ఉంటే, అది మరమ్మతుతో తీరే సమస్య కాదు.

ఫార్మాట్ చేయమని కెమెరా ఎంత అడిగినా, పాత ఫొటోలను మరో చోట భద్రపరచుకునే వరకు ఒప్పుకోకూడదు; ఆ కార్డుతో కొత్తగా ఒక్క ఫొటో కూడా తీయకూడదు, ఎందుకంటే కొత్త సమాచారం పాతదాని చోటును ఆక్రమించే అవకాశం ఉంది.

తర్వాత కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, స్లాట్‌లోకి టార్చి వెలుగు పడేలా చూడాలి. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెట్టే స్లాట్‌లో 50 సన్నని పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి వంగినా కార్డు పనిచేయకపోవచ్చు, బలవంతంగా నెడితే వంగినది విరిగిపోవచ్చు. దుమ్మును నోటితో ఊదే అలవాటు మనలో చాలామందికి ఉంది కానీ, దానివల్ల తుంపరలు లోపల పడతాయి. చేతితో నొక్కే గాలి బ్లోయరే మేలు. కార్డు మీది లోహపు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి.

కెమెరా విప్పితే అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఫ్లాష్ వెలగడానికి విద్యుత్తును నిల్వచేసే భాగమైన ఫ్లాష్ కెపాసిటర్. అందులో సుమారు 300 వోల్టుల విద్యుత్తు బ్యాటరీ తీసేశాక కూడా నిలిచి ఉండగలదు. దాన్ని సురక్షితంగా డిశ్చార్జ్ చేయడం తెలియనివారు, ఫ్లాష్ ఉన్న కెమెరా పైతొడుగును అసలు తెరవకూడదు.